పరుల సొత్తునకు కాపరులు

కంచె చేను మేసినచో కాపు ఏమి చేయగలడను సామెతను మనము నిత్యము వాడుచునే యున్నాము. కాని ఆ సామెతలోని కాపు అదృష్టవంతుడు. వానికి కన్నులున్నవి, నోరున్నది. కంచె మేసినదని చూడగలడు, నలుగురిని పిలిచి చెప్పగలడు. చేనుగల యజమానుడు పదునొకండేండ్ల బాలుడైనచో, మతి చెడినవాడైనచో, స్పృహలేక మంచమున పడియున్నవాడైనచో ఆ చేనిగతి యేమి? అట్టివాడు పోయినదానిని చూడలేడు, చూచినను అడుగలేడు. అడుగలేని యజమానుని సొత్తు దొంగకంటె ముందు కాపరినే శోధించును.

ఇట్టి సొత్తులకు న్యాయస్థానము ఒక మనిషిని నియమించును. మైనరు ఆస్తికి నియమితుడైనవానిని గార్డియను అందురు. వ్యాజ్యములో చిక్కిన భూమికో వ్యాపారమునకో నియమితుడైనవానిని రిసీవరు అందురు. పూర్వపు జమీందారీలలో మైనరు ప్రభువుల ఆస్తిని కోర్టాఫ్ వార్డ్సు అను సర్కారుశాఖ పాలించెడిది. పేర్లు వేరైనను ధర్మ మొక్కటే: తనది కానిదానిని తనదానివలె చూచుట, తనదిగా చేసికొనకుండుట. ఈ రెంటి నడుమనున్న సందు మిక్కిలి సన్ననిది. ఆ సందునకు కావలి యెవరు? నమ్మి అప్పగించినవానిని మరల లెక్క అడుగుట ధర్మమా, అవమానమా? ఈ ప్రశ్నను మేము పుస్తకములనుండి తెచ్చుకొనలేదు. ఏడేండ్లపాటు అది మా యింటనే కాపురముండెను.

ప్రాచీనులు ఈ విషయమున మనుష్యస్వభావమును గూర్చి భ్రమలు పెట్టుకొనలేదు. మనుస్మృతి యెనిమిదవ యధ్యాయము, బాలుని దాయధనమును అతడు గురుకులమునుండి తిరిగివచ్చువరకో, బాల్యము గడచువరకో రాజు కాపాడవలెనని విధించినది. ఆ వెంటనే, దిక్కులేని స్త్రీలు బ్రతికియుండగా వారి సొత్తును తీసికొను బంధువులకు దొంగలకు విధించు దండమునే విధింపుమన్నది. రక్షణవిధియు, బంధువులపై అనుమానమును ప్రక్కప్రక్కనే యుండుట గమనింపదగినది. కౌటిల్యుడు బాలద్రవ్యమును గ్రామవృద్ధుల కప్పగించి, కాపాడుడని మాత్రము చెప్పి ఊరకుండక, బాలుడు వ్యవహారయోగ్యు డగువరకు దానిని వృద్ధిచేయవలెనని నిర్ణయించెను. ఆయనయే మఱియొకచోట రాజద్రవ్యమును అధికారులు హరించు మార్గములను నలువదిగా లెక్కించెను. రోమునగరపు పండ్రెండు పట్టికల శాసనమందును, మైనరు సొత్తును హరించిన సంరక్షకుడు రెండింతలు చెల్లింపవలసినట్లు విధి యుండెనని చెప్పుదురు. తేనె తీయువాడు చేయి నాకకుండునా యని మనవారు ఊరక అనలేదు. అన్ని దేశముల పెద్దలకును ఒక్క అనుభవమే కలిగినది.

మేమున్న వికారాబాదు పేరులోనే ఈ విషయపు చరిత్ర కొంత దాగియున్నది. 1893 మొదలు 1901 వరకు హైదరాబాదు రాజ్యమునకు దివానుగా నుండిన పైగా ప్రభువు వికారుల్ ఉమ్రా పేర ఈ యూరు వెలసినది. నిజాముకొఱకు సైన్యమును పోషించుటకై ఇయ్యబడిన భూములే పైగాలు. అసమాన్‌జాహీ, ఖుర్షీద్‌జాహీ, వికారుల్ ఉమ్రాహీ యని అవి మూడు శాఖలు. తరములు గడచినకొలది వారసులు పెరిగిరి, వారితో వివాదములు పెరిగెను. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనము వచ్చి ఆ పాలనలు ముగిసెను గాని వ్యాజ్యములు ముగియలేదు. ఖుర్షీద్‌జాహీ పైగా వారసుల విభాగవ్యాజ్యము 1958లో హైకోర్టు లెక్కలోనికి చేరెను. 1963లో ప్రాథమిక డిక్రీ వెలువడెను. ఆస్తులను పంచుటకు రిసీవరు-కమీషనర్లు నియమితులైరి. ఆ వ్యాజ్యపు కొమ్మలే 2023లో సుప్రీంకోర్టు ఎదుటికి విచారణకు వచ్చెను. వాది పోయెను, ప్రతివాది పోయెను, వారి బిడ్డలును పోయిరి, వ్యాజ్యముమాత్రము బ్రతికియుండెను. సొత్తు ఎంత పెద్దదో, యజమానులెంత చెదరిపోయిరో, నడుమనుండువారికి అంత చోటు దొరకునని దీనివలన మనము నేర్వవచ్చును.

ఐనను పరపాలనము ఎల్లప్పుడు చెడునే చేయునని చెప్పరాదు. మద్రాసు రాజధానియందు 1804 రెగ్యులేషనుతో పుట్టి, 1902 చట్టముచే సంస్కరింపబడిన కోర్టాఫ్ వార్డ్సు, పిఠాపురమువంటి సంస్థానమును మైనరు కాలమున నిలిపి, యజమానుని చదివించి, ఆస్తిని మరల చేతికిచ్చినది. ఆ మైనరే పెరిగి పెద్దవాడై సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పోషకు డయ్యెను. పరుల చేతిలోనుండి సురక్షితముగ తిరిగివచ్చిన సొత్తు ఒక భాషకే ఉపకరించెను. కావున వాదము పాలకు డుండవలెనా వద్దా యని కాదు. ఆ పాలకుని చూచు కన్ను తెఱచియున్నదా మూసియున్నదా యనునదే వాదము.

సంస్థానముల మాట యటుండనిండు. మన యిండ్లలోని చిన్న సొత్తుల మాట చెప్పుకొందము. తాండూరున మాకొక బాల్యమిత్రు డుండెను. కాగ్నానది కావలినున్న నల్లరేగడి నేల ఆరెకరములు, నాపరాళ్లకు నునుపు పెట్టు చిన్న యంత్రశాల, ఒక యిల్లు అతని ఆస్తి. భార్య ముందే గతించినది. రాతిధూళి ఊపిరితిత్తులను తిని, నలువదేండ్లు నిండకుండనే అతడును పోయెను. మిగిలినది పదునొకండేండ్ల కుమారుడు, చదువురాని ముసలి నాయనమ్మ. పినతండ్రి యొకడున్నాడు గాని, అన్నతో అతనికి పొలముగట్టు తగవుండెను. జిల్లా న్యాయస్థానమున అర్జీ పడినప్పుడు నాయనమ్మ మా పేరు చెప్పినది. ఆమె మా చేయి పట్టుకొని, "సారూ, మా పోరనికి నువ్వే దిక్కు. చదువుకున్నోనివి, నిన్ను నేను లెక్కలడుగుతనా?" అన్నది. ఆ మాట అప్పుడు మాకు గౌరవముగా వినబడెను. అది యెంత ప్రమాదకరమైన మాటయో పిమ్మట తెలిసికొంటిమి.

న్యాయస్థానము మమ్ము నియమించుచు జామీను పత్రము వ్రాయుమన్నది. ఇరువదేండ్లుగా పిల్లలకు సత్యహరిశ్చంద్రుని కథ చెప్పుచున్న పంతులునకు జామీనా యని మా మనస్సు చివుక్కుమన్నది. 1890వ సంవత్సరపు గార్డియన్లు, వార్డుల చట్టమును తెప్పించి చదివితిమి. వార్డు సొత్తును, సామాన్య వివేకము గలవాడు తన సొత్తును చూచుకొన్నంత జాగ్రత్తతో చూడవలెనని 27వ సెక్షను. ఆ పదవివలన లాభము పొందరాదని 20వ సెక్షను. న్యాయస్థానపు అనుమతి లేక అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, అయిదేండ్లకు మించియైనను, మైనారిటీ తీరిన పిమ్మట ఒక యేడు మించియైనను కౌలున కియ్యరాదని 29వ సెక్షను. బాగుగనే యున్నది. జామీను, ఆస్తుల పట్టిక, ఆదాయవ్యయముల లెక్క, ఇవన్నియు 34వ సెక్షనులో నున్నవి. కాని ఆ సెక్షనులో ఒక్క చిన్న మాట యున్నది: న్యాయస్థానము "కోరినచో". కోరినచో జామీను, కోరినచో ఆరు నెలలలో పట్టిక, కోరినచో లెక్క. మా విషయమున జామీను కోరిరి, పట్టిక కోరిరి. లెక్క కోరుట మఱచిరి.

రెండేండ్లు గడచెను. కందుల పైకము వచ్చుచుండెను, యంత్రశాల అద్దె వచ్చుచుండెను. పిల్లవాని పేర బ్యాంకులో వేయుచు, వాని ఫీజులకును, ముసలమ్మ మందులకును తీయుచుంటిమి. ఒక్క పైసకైనను మమ్మెవరు నడుగలేదు. మూడవయేట మా అమ్మాయి కాలేజీ రుసుమునకు గడువు ముంచుకొనివచ్చెను. రావలసిన జీతపు బకాయి రాలేదు. ఇంట ఎవరికిని చెప్పక, పిల్లవాని ఖాతానుండి నలువదివేల రూపాయలు తీసికొంటిమి. నాలుగు నెలలకు బకాయి చేతికి రాగానే పూర్తిగా కట్టివేసితిమి. ఒక్క రూపాయియు తగ్గలేదు.

కట్టిననాడు గుండె తేలికపడునని యెంచితిమి, పడలేదు. ఆలోచింపగా కారణము తోచెను. అప్పిచ్చినవారమును మేమే, పుచ్చుకొన్నవారమును మేమే, వడ్డీ వదలుకొన్నవారమును మేమే. కుడిచేతినుండి ఎడమచేతికి సొమ్ము మారినది. మధ్యనున్న యజమానుడు ఏడవ తరగతి గదిలో కూర్చుండి భూగోళము చదువుకొనుచున్నాడు. తిరిగి యిచ్చు నుద్దేశముతోనే తీసికొంటిమి గదా యని సమాధానపడ జూచితిమి. కాని మొదటిసారి చేయిచాచిన ప్రతివానికిని ఆ యుద్దేశమే యుండును. బకాయి రాకున్న? మఱునాడు మేము మరణించియుండిన? మా మంచితనమును గూర్చి మేము చెప్పుకొను సాక్ష్యము తప్ప ఆ నలువదివేలకు మఱియే సాక్ష్యమును లేదు. మమ్ము చూచు కన్ను ఒకటి యున్నచో మేమా పని చేసియుండము. భయముచేతనని కాదు. అది అప్పు కాదు, పరులసొత్తు అని మాకు జ్ఞప్తి చేయువా రుండెడివారు.

అప్పుడు మూడేండ్ల లెక్కయు వ్రాసి, ఆ నలువదివేల పద్దును ఎఱ్ఱసిరాతో గుర్తించి, అడుగకయే న్యాయస్థానమున దాఖలు చేసితిమి. న్యాయమూర్తి పద్దును చదివి, "ఇంతకాలము లెక్క ఏల దాఖలు చేయలేదు?" అనిరి. ఎవరును అడుగలేదంటిమి. ఆయన క్షణ మూరకుండి, "అది మీ ఒక్కరి తప్పు కాదు" అని, నాలుగు నెలలకు వడ్డీ కట్టుమనియు, ప్రతి సంవత్సరము జూన్ నెలలో లెక్క చూపుమనియు ఉత్తరువు చేసిరి. ఆనాడు జామీనుపై కలిగిన కోపము మాకు నవ్వు తెప్పించెను.

తరువాతి సంవత్సరమే ఆ కన్ను ఎంత మేలుచేయునో చూచితిమి. పిల్లవానికి పదునాలుగేండ్లు. పొలములో నాపరాయి పడునని, పదేండ్ల కౌలునకిచ్చినచో పెద్ద మొత్తము చేతికి వచ్చునని పినతండ్రి యొక వ్యాపారిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆశ మాకును కలిగెను. పిల్లవానిని పట్టణమున చదివింపవచ్చును గదా! కాని పదేండ్లు చట్టపు హద్దునకు మించినవి. మాకు మేముగా ఇయ్యజాలము. గార్డియను సందేహము కలిగినప్పుడు న్యాయస్థానపు సలహా నడుగవచ్చునని 33వ సెక్షను చెప్పుచున్నది, అడిగితిమి. అవసరమో, స్పష్టమైన లాభమో యున్నగాని అనుమతి యియ్యరాదని 31వ సెక్షను. న్యాయమూర్తి మమ్మడిగినది రెండే ప్రశ్నలు. రాయి తీసినపిమ్మట నేల యేమగును? పిల్లవాని అభిప్రాయమేమి? గుంట మిగులునని మొదటిదానికి చెప్పితిమి. రెండవది మేమెన్నడు నడిగియుండలేదు. వానిని పిలిపించి అడుగగా, "నాయన కందులేసిన చెల్క, తవ్వొద్దు" అన్నాడు. అనుమతి రాలేదు. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆ చెలక ఆ బాలునికి ఇంకను చెలకగనే యుండెను.

చదువరులారా! ఈ కథవలన మా ప్రశ్నకు మాకు దొరకిన యుత్తర మిది: లెక్క అడుగుట సత్పురుషునకు అవమానము కాదు, ఊతకోల. చెడ్డవాడు ఎటులైనను దొంగలెక్క వ్రాయును. వానిని పట్టుకొనుట పర్యవేక్షణపు ఫలములలో ఒకటి మాత్రమే. మంచివాడు మంచివాడుగ నిలుచుటకు తోడ్పడుట దాని ముఖ్యఫలము. నమ్మకమునకు లెక్క విరోధి యని మనము తలచుచున్నాము. నమ్మకమునకు విరోధి అనుమానముగాని లెక్క కాదు. అడిగెడి లెక్క లేనిచోటనే అనుమానము పుట్టును.

ఇది ఇట్లుండగా మన చట్టము ఈ కన్నును ఎట్లు తెఱచినదో పరికింతము. గార్డియను ఉత్తరువును ధిక్కరించి లెక్క చూపనిచో 45వ సెక్షను జుల్మానా నూఱు రూపాయలు, ఆపై దినమునకు పది చొప్పున అయిదువందలు మించరాదు. సివిలు జైలు కూడ కలదు గాని, 1890 నాటి నూఱు రూపాయలు ఈనాడు ఎవనిని భయపెట్టగలవు? దీనికి భిన్నముగ, బుద్ధిమాంద్యము మొదలగు వైకల్యములు గలవారికొఱకు వచ్చిన 1999వ సంవత్సరపు నేషనల్ ట్రస్టు చట్టము "కోరినచో" అను మాటను తీసివేసినది. నియమితుడైన ఆరునెలలలో పట్టిక ఇయ్యవలెను, ఆర్థికసంవత్సరము ముగిసిన మూడు నెలలలో లెక్క ఇయ్యవలెను, ఎవరును అడుగనక్కఱలేదు. ఒకే దేశమున, ఒకే విధమైన నిస్సహాయతకు రెండు న్యాయములు! రిసీవర్ల విషయమున సివిల్ ప్రొసీజరు కోడులోని 40వ ఆర్డరు, న్యాయస్థానము చెప్పిన గడువులలో లెక్క ఇయ్యవలెననియు, బుద్ధిపూర్వకమైన లోపమువలననో ఘోరమైన అజాగ్రత్తవలననో కలిగిన నష్టమును భరింపవలెననియు విధించి, తప్పినవాని ఆస్తిని జప్తుచేయు అధికారమును ఇచ్చినది. మతి తప్పినవారి స్థితి మఱింత చింతనీయము. 1987 నాటి మానసికారోగ్య చట్టమున వారి ఆస్తికి మేనేజరును నియమించు విధి యుండెడిది. దాని స్థానమున వచ్చిన 2017 చట్టము రోగి గౌరవమును చక్కగ కాపాడినది గాని ఆస్తివిషయమున మౌనము వహించినది. అందుచేత స్పృహలేని రోగుల కుటుంబములు హైకోర్టుల తలుపు తట్టుచున్నవి. కేరళ హైకోర్టు 2019లో అట్టివారికై కొన్ని నియమములను తానే ఏర్పఱుపవలసి వచ్చెను.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినబడును. ఇంత తనిఖీ చేసినచో మంచివా రెవరును ముందునకు రారు, వచ్చినవారును భయముచే సొమ్మును బ్యాంకులో మురుగబెట్టి, పిల్లవాని చదువునకుగూడ వెనుకాడుదురు అని. ఈ మాటలో నిజమున్నది. అందుకే కౌటిల్యుని "వృద్ధి" యను భావము గొప్పది. దాచుట ఒక్కటే కాపలా కాదు, బిడ్డకు వినియోగించుటయు కాపలాయే. పర్యవేక్షణము దాచినదానిని మాత్రమే కాక, ఖర్చు చేయవలసి చేయనిదానిని గూడ ప్రశ్నింపవలెను.

మఱియొక లోపము ఇంతకంటె లోతైనది. కాగితముమీద కన్ను తెఱచియుండి, మనిషిమీద మూసియుండుట. అమెరికాదేశమున బ్రిట్నీ స్పియర్సు అను ప్రసిద్ధ గాయని 2008 మొదలు 2021 నవంబరు వరకు, పదుమూడేండ్లకు పైగా, కోర్టు నియమించిన సంరక్షకుల అధీనమున నుండెను. అచట లెక్కలు లేకపోలేదు, న్యాయవాదులు లేకపోలేదు. వారి వేతనములును ఆమె సొమ్మునుండియే చెల్లినవి. ఆమె ఆ కాలమున వేలమంది ఎదుట పాడుచు ధనమార్జించుచుండెను. అంత పని చేయగల మనిషికి సంరక్షకుడు ఇంకను అవసరమా యను ప్రశ్నకు సమాధానము రావడానికి అన్నేండ్లు పట్టెను. లెక్క సరిపోయినంతమాత్రమున ధర్మము సరిపోదు. ఈ కాపలా ఇంకను కావలెనా యని ఏటేట అడుగవలెను. యజమానుని నోట ఆ యుత్తరమును వినవలెను. కాపరి పని తన పని అక్కఱలేకుండ చేసికొనుట.

కాబట్టి మాకు తోచిన సంస్కారములు స్వల్పములు. "కోరినచో" అను మాటను గార్డియన్ల చట్టమునుండి తొలగించి, లెక్కను ఏటేట తప్పనిసరి చేయవలెను. 1929లో చేర్చిన 34ఏ సెక్షను లెక్కలను తనిఖీ చేయించు అధికారమును న్యాయస్థానమున కిచ్చియే యున్నది, దానిని వాడవలెను. పదునాలుగేండ్లు దాటిన వార్డునకు లెక్క ప్రతి ఒకటి చేతికిచ్చి చదివింపవలెను. గార్డియను తన సొమ్మును వార్డు సొమ్మును ఒకే ఖాతాలో కలుపుట నేరముగ నెంచవలెను. 2022 జూన్‌లో తెలంగాణమున ప్రతిజిల్లాకును జిల్లా న్యాయస్థానము ఏర్పడినది గనుక, తాండూరు ముసలమ్మ దూరపు పట్టణమునకు పోవలసిన కష్టము తగ్గినది. దూరము తగ్గినప్పుడు అడుగుటయు పెరుగవలెను.

కాని చట్టమునకు అందని యిండ్లే యెక్కువ. అన్న పోయిన యింట తమ్ముడు, భర్త పోయిన యింట మఱది, ఏ ఉత్తరువును లేకుండనే పిల్లల పొలము దున్నుచుందురు. వారిని ఎవరు నియమించిరి? నలుగురి మౌనము నియమించినది. తండ్రియు తల్లియు సైతము మైనరు స్థిరాస్తిని అనుమతి లేక అమ్మరాదని 1956 చట్టపు 8వ సెక్షను చెప్పుచున్నను, ఎన్ని కుటుంబముల వారికి ఆ మాట తెలియును? ఇట్టి యిండ్లలో న్యాయస్థానము మనమే. ఏడాదికొకసారి, ఉగాదినాడైనను, పిల్లవానిని వాని తల్లిని కూర్చుండబెట్టి, వచ్చినదింత, పోయినదింత యని చదివి వినిపింపవలెను. ఇది తగవు పెట్టుట కాదు, తగవును రాకుండ చేయుట.

నిరుడు మా బాలునికి పదునెనిమిదేండ్లు నిండెను. కోర్టు గార్డియను గలవారికి ఇరువదియొకటవ యేటగాని మైనారిటీ తీరదను 1875 నాటి నియమము 1999లో పోయినది గనుక, వానికి అప్పుడే సర్వమును అప్పగించితిమి. ఏడు సంవత్సరముల లెక్కపుస్తకమును ముందు పెట్టగా, నాయనమ్మ దూరమున కూర్చుండి చూచుచుండెను. వాడు పుట లొక్కొక్కటిగ తిప్పి, ఎఱ్ఱసిరా పద్దుకడ వ్రేలుంచి, "సార్, గీ నలభై వేలేంది?" అన్నాడు. జరిగినది జరిగినట్లు చెప్పితిమి. వాడు తల యూపి, వడ్డీ సరిపోయినదా యని లెక్క కట్టి చూచుకొని, పుట త్రిప్పెను. మా శిష్యులలో మమ్ము ఇంతగా గౌరవించినవాడు మఱొకడు లేడని ఆ క్షణమున తోచెను. అడుగగలవాడు వచ్చెను. ఇక మా కాపలా ముగిసినది.